అమ్మ పక్కన ఇంకో కుర్చీ

ఆళ్లగడ్డ అని తప్పు లేకుండా రాయడం అంత తేలికేం కాదు. ళకారం కింద ఒత్తు పెట్టాలి. అది ల ఒత్తా, ళ ఒత్తా అన్నది పత్రికలే ఇప్పటికీ తేల్చుకోలేదు. చివర్లో డకారానికి డ ఒత్తు. నంద్యాల కూడా తక్కువ తినలేదు: నకారం పక్కన సున్నా, దకారానికి దీర్ఘం, దాని కింద య ఒత్తు. నాలుగో తరగతికి వచ్చిన ఒక పిల్లాడిని ఊహించుకుందాం. అంగడికి పంపితే చిల్లర లెక్క తప్పకుండా తెస్తాడు, విన్న కథను పొల్లు పోకుండా తిరిగి చెబుతాడు. నోటు పుస్తకంలో మాత్రం సొంత ఊరి పేరులోని ఒత్తు ఒకరోజు డకారం కింద, ఇంకోరోజు గకారం కింద పడుతుంది. బోర్డు మీది నాలుగు వరుసలు దించుకునేలోపు గంట కొట్టేస్తారు. బడిలో వాణ్ని సోమరి అంటారు. ఇంట్లో నాన్న చేయి చేసుకుంటాడు. ఇద్దరిలో ఎవరూ చెడ్డవాళ్లు కారు. వాడి ఇబ్బందికి డిస్‌లెక్సియా అని ఒక పేరుందనీ, 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో అభ్యసన వైకల్యం కూడా ఒకటనీ వాళ్లకు ఎవరూ చెప్పలేదు, అంతే.

ఈ పిల్లాడి గురించి చట్టం ఆలోచించలేదని అనడానికి లేదు. 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చిన ఆ చట్టంలోని 16వ సెక్షన్ ప్రకారం, ఇలాంటి ఇబ్బందిని వీలైనంత తొందరగా పసిగట్టి, పాఠం చెప్పే తీరును దానికి తగ్గట్టు మార్చుకోవలసింది బడే. ప్రభుత్వ గుర్తింపు తీసుకున్న ప్రైవేటు బడికీ ఈ బాధ్యత తప్పదు. 17వ సెక్షన్ పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు ఇవ్వమంటుంది. అయిదేళ్లకోసారి బడి పిల్లలను సర్వే చేసి ఇలాంటివారు ఎందరున్నారో, వాళ్లకేం కావాలో తేల్చమంటుంది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న బిడ్డకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచితంగా చదువుకునే హక్కును 31వ సెక్షన్ ఇచ్చింది. ఇంటి దగ్గరి బడిలోనా, ప్రత్యేక పాఠశాలలోనా అన్నది కోరుకున్నవాళ్ల ఇష్టం. విద్యాహక్కు చట్టంలోకి కూడా ఈ పిల్లలు 2012 సవరణతో స్పష్టంగా వచ్చి చేరారు. కాగితం మీద ఇంతకంటే ఏం కావాలి? హక్కు బిడ్డ పేరున ఉంది. దాన్ని అడిగి తెచ్చుకునే చాకిరీ మాత్రం తల్లి నెత్తిన పడింది. నంద్యాల, ఆళ్లగడ్డ లాంటి చోట్ల ఇప్పుడు ఇంకో పథకం కన్నా, ఆ తల్లి పక్కన కూర్చుని ఆమె తరఫున మాట్లాడే మనిషి ఎక్కువ అవసరం అన్నది నా వాదన.

ఆ చాకిరీ ఎంతో లెక్క వేద్దాం. మొదట వైకల్య శాతాన్ని తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే సదరం. స్లాటు దొరకాలి, చెప్పిన రోజున చెప్పిన ఆసుపత్రికి వెళ్లాలి. ఆటిజం, మేధో వైకల్యం లాంటివాటిని పరీక్షించగల నిపుణులు అన్ని చోట్లా ఉండరు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా వేరుపడింది, 2023లో పట్టణంలో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. కర్నూలుదాకా పోవలసిన అవసరం ఆ మేరకు తగ్గే వీలు కలిగింది. అయినా ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు సుమారు 40 కిలోమీటర్లు. చాగలమర్రి మండలం లోపలి ఊళ్లకు ఇంకా దూరం. కాళ్లు నిలవని పదేళ్ల బిడ్డను చంకనేసుకుని బస్సెక్కే తల్లికి ఆ దూరం కిలోమీటర్లలో తెలియదు. 2025-26లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఒకసారి వెళ్లి రావడమంటే ఆ కూలి పోవడం, తోడొచ్చిన మనిషి కూలి కూడా పోవడం. సదరం సర్టిఫికెట్ చేతికొచ్చాక యూడీఐడీ అనే వైకల్య గుర్తింపు కార్డు, తర్వాత పింఛను, బడిలో సహిత విద్య జాబితాలో పేరు, మండల కేంద్రంలో ఈ పిల్లల కోసం నడిచే భవిత సెంటరు, ఎస్కార్ట్ అలవెన్సు కోసం బ్యాంకు ఖాతా. ఒక్కో కిటికీ ఒక్కో శాఖది. మొదటి కిటికీలో చెప్పుకున్న కథ రెండో కిటికీకి తెలియదు. కాబట్టి ప్రతి చోటా ‘పుట్టినప్పుడు ఏడవలేదు సార్’ దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. అన్ని కాగితాలూ, వాటి జిరాక్సులూ ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని తిరగాలి. ఇంతా చేసి, మనం ఊహించుకున్న పిల్లాడికి ఎనిమిదేళ్లు నిండేదాకా సర్టిఫికెట్టే లేదు. అభ్యసన వైకల్యానికి 2018 మార్గదర్శకాలు పెట్టిన వయసు అది. అప్పటికి వాడు మూడేళ్ల తిట్లు తినేసి ఉంటాడు. బడి మాత్రం సర్టిఫికెట్ కోసం ఆగనక్కర్లేదు, పసిగట్టమనే చట్టం చెప్పింది. ఆ సంగతి హెడ్మాస్టరుకు ఎవరు గుర్తుచేయాలి?

పేర్లు మార్చడంలో మాత్రం మనకు లోటు లేదు. వికలాంగులు దివ్యాంగులయ్యారు, రాష్ట్రంలో సంక్షేమ శాఖ విభిన్న ప్రతిభావంతుల శాఖ అయింది. మర్యాద మంచిదే. కానీ కిటికీ దగ్గర ఆ ప్రతిభావంతుడి తల్లి నిలబడే ఉంటుంది.

అంకెలు చూద్దాం. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు కాబట్టి 2011 లెక్కలే దిక్కు. అప్పటికి దేశంలో 5 నుంచి 19 ఏళ్ల మధ్య వైకల్యం ఉన్నవారిలో 61 శాతం చదువుకుంటున్నారు, 27 శాతం ఏనాడూ బడి గడప తొక్కలేదు, 12 శాతం ఒకప్పుడు చదివి ఇప్పుడు బడిలో లేరు. అందరి కళ్లూ ఆ 27 మీద పడతాయి. న్యాయమే. నన్ను ఎక్కువ కలవరపెట్టేది 12. వాళ్లలో చదువు ముగించుకున్న పెద్ద పిల్లలు కొందరు ఉండొచ్చు. తక్కినవాళ్ల సంగతేమిటి? వాళ్ల తల్లిదండ్రులు సిగ్గుపడి దాచిపెట్టలేదు, తలరాత అని ఊరుకోలేదు. బిడ్డకు పలక కొన్నారు, పేరు రాయించారు. బడి కూడా చేర్చుకుంది. ఆ తర్వాత ఎక్కడో జారిపోయారు: మెట్లెక్కలేకో, మూత్రానికి తీసుకెళ్లేవాళ్లు లేకో, ఒకే తరగతి గదిలో మూడేళ్లు వెనక బెంచీలో కూర్చుని విసిగిపోయో. అలాంటి జారుడు ఒక్కరోజులో జరగదు. వారానికి రెండు రోజుల గైర్హాజరుతో మొదలవుతుంది. అప్పుడు ఎవరైనా అడిగి ఉంటే ఆగేది. తల్లి అడగలేదా? అడిగే ఉంటుంది. అడగడం ఒకటి, అడిగినదానికి జవాబు రాబట్టడం ఇంకొకటి.

ఎందుకంటే మన దగ్గర తిరస్కారం కాగితం మీద జరగదు. ప్రవేశానికి వచ్చిన బిడ్డకు పరీక్ష పెట్టి వడకట్టడం విద్యాహక్కు చట్టం ప్రకారం నేరమని బడులకు తెలుసు. అందుకే ఎవరూ ‘చేర్చుకోము’ అనరు. ‘మా దగ్గర స్పెషల్ టీచర్ లేరమ్మా, భవితకు తీసుకెళ్లు, అక్కడైతే బాగా చూసుకుంటారు’ అంటారు. ‘మిగతా పిల్లల తల్లిదండ్రులు ఒప్పుకోరమ్మా’ అంటారు. ‘రోజూ నువ్వొచ్చి పక్కన కూర్చుంటానంటే చూద్దాం’ అంటారు. ఆ గొంతులో కోపం ఉండదు, కొన్నిసార్లు నిజంగానే జాలి ఉంటుంది. తల్లి తల ఊపి బయటికొచ్చేస్తుంది. ఏ రికార్డులోనూ ఏమీ జరగలేదు. అదే గదిలో ఆమె పక్కన ఇంకో మనిషి కూర్చుని ఉంటే ఏం మారుతుంది? ఒక తెల్లకాగితం మారుతుంది. ‘ఫలానా తరగతిలో ప్రవేశం కోరాము, వికలాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఫలానా సర్దుబాటు కావాలి, కుదరకపోతే కారణం రాసివ్వగలరు’ అని మూడు వాక్యాలు, కింద తేదీ, సంతకం. ఆఫీసులో ఇచ్చి ఇన్‌వార్డు నంబరు అడగడం. ఆ నంబరు పడ్డాక నోటిమాటతో పంపేయడం కష్టం. రాసిచ్చిన కారణం ఎంఈఓ దగ్గర నిలవాలి, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో నిలవాలి, అవసరమైతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్ ముందు నిలవాలి. కమిషనర్ సిఫారసు చేస్తే దానిపై ఏం చేశారో మూడు నెలల్లో చెప్పాలని అదే చట్టం 81వ సెక్షన్. చాలా వరకు వ్యవహారం అంతదూరం పోదు. ఇన్‌వార్డు నంబరు దగ్గరే సర్దుకుంటుంది.

ఇది నా ఊహ మాత్రమే కాదు, దీనికి చరిత్ర ఉంది. అమెరికాలో ఈ పిల్లల చదువు హక్కు మొదట కోర్టులో గెలిచింది తల్లిదండ్రులే. పెన్సిల్వేనియాలో వాళ్ల సంఘం 1971లో రాష్ట్రం మీద దావా వేసి ఒప్పించింది. దేశమంతటికీ చట్టం వచ్చింది 1975 నవంబరులో. ఆ చట్టం కింద ప్రతి బిడ్డకూ ఏటా ఒక విద్యా ప్రణాళిక తయారవుతుంది. దాన్ని రాసే బల్ల దగ్గర తల్లిదండ్రులు సభ్యులు, తమకు తోడుగా విషయం తెలిసిన ఒకరిని తెచ్చుకునే హక్కూ వాళ్లకుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు తల్లి ఆ మీటింగుకు తన తరఫున మాట్లాడే ఒక అడ్వకేటును వెంట తీసుకెళ్తే ఎవరూ వింతగా చూడరు. ఆమె చెల్లెలు ఆళ్లగడ్డలో ఉంటే, అదే రకం బిడ్డతో, హెడ్మాస్టరు గదిలో కూర్చోమంటే చాలనుకుంటుంది. ఇద్దరికీ ఉన్న తేడా తెలివిలో లేదు, పక్కనున్న కుర్చీలో ఉంది. మన దగ్గర పునాదులు లేవని కాదు. మేధో వైకల్యంపై జాతీయ సంస్థ సికింద్రాబాద్‌లో 1984 నుంచి పనిచేస్తోంది. తల్లిదండ్రుల సంఘాల జాతీయ సమాఖ్య ‘పరివార్’ 1995లో ఏర్పడింది. నగరాల్లో వాళ్ల గొంతు వినబడుతుంది. సిరివెళ్ల, దొర్నిపాడు మండలాల్లోని ఇంటి గుమ్మం దాకా ఆ గొంతును మోసే మనిషి లేడు.

ఇక అభ్యంతరాలు. మొదటిది: ఇప్పటికే ఇంతమంది ఉన్నారు కదా, ఆశా, ఏఎన్‌ఎం, అంగన్‌వాడీ, సచివాలయ సిబ్బంది, భవితలో సహిత విద్య చూసే ఐఈఆర్‌పీ టీచర్లు, మళ్లీ ఒకరెందుకు? వీళ్లలో చాలామంది తమ పని కంటే ఎక్కువే చేస్తారు. మంచం దిగలేని బిడ్డ ఇంటికి వెళ్లి పాఠం చెప్పేది ఐఈఆర్‌పీలే. కానీ ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీద బతుకుతున్న ఒక టీచరు, తన హాజరు మీద సంతకం పెట్టే అధికారి శాఖ మీదే తల్లి తరఫున అర్జీ రాయాలని ఆశించడం అన్యాయం. సుప్రీంకోర్టు 2021 అక్టోబరు 28న ప్రాథమిక స్థాయిలో పదిమంది పిల్లలకు ఒకరు, పై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులుండాలని చెప్పింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో 2,260 ప్రత్యేక ఉపాధ్యాయ పోస్టులు మంజూరు చేసింది. ఆ పోస్టులు నిండాలి, పెరగాలి. నిండినా వాళ్లు ఉపాధ్యాయులుగానే ఉంటారు. ఆసుపత్రికి డాక్టరు వచ్చినంత మాత్రాన రోగి తరఫున అడిగేవాళ్లు అక్కర్లేదనం.

రెండోది కొంచెం లోతైనది. బడితో పేచీ పెట్టుకుంటే చివరికి నష్టపోయేది బిడ్డే కదా, రోజంతా ఆ టీచరు చేతిలోనే ఉండాలి కదా అంటారు. పల్లెల్లో ఈ భయం ఉత్తది కాదు. వికలాంగుల హక్కుల చట్టంలో జరిమానా ఉంది, మొదటి ఉల్లంఘనకు 10 వేల దాకా; కానీ హెడ్మాస్టరుకు జరిమానా వేయించాలని ఏ తల్లీ బడికి రాదు. నేను తోడు మనిషిని అడిగేది సరిగ్గా ఈ భయం వల్లనే. గట్టిగా అడగాల్సిన మాట మూడో మనిషి అడిగితే, తల్లీ టీచరూ మర్నాడు పొద్దున మళ్లీ మామూలుగా మాట్లాడుకోవచ్చు. పెళ్లి మాటల్లో కట్నకానుకల బేరం పెద్దమనుషుల చేత మాట్లాడించడం మనవాళ్లకు తెలియనిదా? పైగా టీచరు ఇబ్బంది కూడా నిజమే. రెండు మూడు తరగతులను ఒక్క చేత్తో ఈడ్చే చోట ఆటిజం ఉన్న బిడ్డను చూసుకోమంటే ఆ మనిషి ఏం చేయాలి? ర్యాంపు, ఆయా, పెద్దక్షరాల పుస్తకం కావాలని టీచరు పైకి రాస్తే ఆ కాగితం ఎక్కడో ఆగుతుంది. అదే కాగితానికి తల్లి అర్జీ తోడైతే రెండు వైపుల నుంచీ నెట్టినట్టు. మంచి అడ్వకేటు మొదట చేసే పని టీచరును తన వైపు తిప్పుకోవడం.

మూడోది వినడానికి చేదుగా ఉంటుంది: తల్లిదండ్రులకే పట్టింపు లేదు, వాళ్లకు చదువు కంటే పింఛను ముఖ్యం అని. పేదవాళ్ల గురించి ఈ మాట ఈ ప్రాంతం ఇదివరకే విన్నది. కర్నూలు, నంద్యాల వైపు హైబ్రిడ్ పత్తి విత్తన చేలల్లో చిన్నపిల్లల చేత, ముఖ్యంగా ఆడపిల్లల చేత క్రాసింగ్ (చేత్తో పరాగ సంపర్కం) చేయించడం ఒకప్పుడు దేశమంతా చర్చకు వచ్చింది. అప్పుడూ ఇదే అన్నారు, వాళ్లకు చదువు అక్కర్లేదు, కూలే కావాలి అని. శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లా ఊళ్లలో పనిచేసి దాన్ని తిరగేసి చూపింది: దారి చూపే మనిషి ఒకరుంటే పేద తల్లిదండ్రులు పిల్లలను బడికే పంపుతారని. 2003లో ఆమెకు మెగసెసే అవార్డు వచ్చింది ఆ పనికే. వైకల్యం ఉన్న పిల్లల విషయంలో ఆ పాఠం మనం ఇంకా వర్తింపజేసుకోలేదు. అయితే పింఛను మాట పూర్తిగా కొట్టిపారేయలేను. 2024 జులై నుంచి వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. కూలి ఇంట్లో అదొక స్థిరమైన ఆదాయం. దానికి గీత 40 శాతం దగ్గర ఉంది. 2025లో పింఛన్ల పునఃపరిశీలన జరిగి నోటీసులు వచ్చినప్పుడు ఎన్ని ఇళ్లలో పొయ్యి దగ్గర ఇదే మాట నడిచిందో ఊహించడం కష్టం కాదు. బిడ్డకు ఫిజియోథెరపీతో రెండడుగులు పడితే సంతోషించాలా, పర్సెంటేజీ తగ్గుతుందని భయపడాలా? ఆ తల్లిని ఈ ఇరకాటంలో పెట్టింది మన వ్యవస్థ. ఆమె ఆశపడుతోందని తప్పుపట్టేముందు, పింఛనుకూ బడికీ లంకె లేదనీ, సర్టిఫికెట్ శాతం మీద అప్పీలు చేసుకునే దారి ఉందనీ ఆమెకు నెమ్మదిగా వివరించినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడగాలి.

నాలుగోదానికి నేను సగం ఒప్పుకుంటాను. అందరు పిల్లలూ మామూలు బడిలో ఇమడరు, కొందరికి ప్రత్యేక పాఠశాలే మేలు అంటారు. నిజమే, చెవిటి పిల్లలకు సైగల భాష తెలిసిన తోటివాళ్ల మధ్య పెరగడంలో ఉన్న లాభం మామూలు బడి ఇవ్వలేకపోవచ్చు. పక్కన అనంతపురం జిల్లాలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు నడిపే ప్రత్యేక పాఠశాలల దాకా బిడ్డను పంపాలనుకునే కుటుంబం ఉంటే అది వాళ్ల నిర్ణయం. చట్టం ఎంపికను బిడ్డ పక్షాన పెట్టింది, అధికారి పక్షాన పెట్టలేదు. కాబట్టి కుటుంబం తరఫున మాట్లాడే మనిషికి ‘అందరూ ఒకే బడి’ అనే పట్టుదలా ఉండకూడదు, ‘ఇలాంటివాళ్లు వేరే బడి’ అనే అలవాటూ ఉండకూడదు. తీవ్రమైన వైకల్యం ఉంటే ఇంటి దగ్గరే చదువు కోరవచ్చని 2012 సవరణ చెప్పింది. కోరవచ్చు అన్నమాటను కొన్నిచోట్ల పంపేయవచ్చు అని చదువుకునే ప్రమాదం ఉంది. వారానికి ఒకసారి ఎవరో వచ్చి గంట కూర్చుని వెళ్లడమే చదువు అనిపించుకుంటే, జాబితాలో పేరు ఉంటుంది, బిడ్డ ఇంట్లోనే ఉంటాడు, లెక్క సరిపోతుంది. ‘ఇంటి దగ్గరి చదువు మీరు కోరారా, వాళ్లే రాశారా?’ అన్న ఒక్క ప్రశ్న వేయడానికైనా ఒకరుండాలి. ఆళ్లగడ్డ అనగానే శిల్పుల వీధులు గుర్తుకొచ్చి, ఏ రాయికి ఏ ఉలి అన్న పోలిక ఇక్కడ నోటిదాకా వస్తుంది. వాడను. రాయి తరఫున ఎవరూ అర్జీ రాయనక్కర్లేదు.

మరి ఈ మనుషులు ఎక్కడి నుంచి వస్తారు, జీతం ఎవరిస్తారు? కొత్త శాఖ అక్కర్లేదు. 1987 న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ కింద స్త్రీలకు, పిల్లలకు, వైకల్యం ఉన్నవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం దక్కాలి. మన తల్లీబిడ్డా ఆ జాబితాలో రెండు మూడు రకాలుగా ఉన్నారు. పారా లీగల్ వాలంటీర్లను తయారుచేసే పథకం 2009 నుంచే ఉంది. వాళ్లు పనిచేసిన రోజులకు గౌరవ భృతి ఇస్తారు. వాళ్లలో మండలానికి ఒకరిద్దరిని ఈ పనికే కేటాయించి, సదరం నుంచి వికలాంగుల హక్కుల చట్టం 31వ సెక్షన్ దాకా శిక్షణ ఇవ్వడం ఆళ్లగడ్డ, నంద్యాల కోర్టుల్లోని న్యాయ సేవల కమిటీలకు తలకు మించిన పనేం కాదు. బడుల వైపు నుంచి ఇంకో తలుపుంది, దాన్ని ఇంతవరకు ఎవరూ గట్టిగా తట్టలేదు. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం పాఠశాల కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, అననుకూల పరిస్థితుల్లోని పిల్లల తల్లిదండ్రులకు వాళ్ల సంఖ్యకు తగ్గట్టు చోటివ్వాలి. 2012 సవరణతో ఈ పిల్లలూ ఆ వర్గంలోకి వచ్చారు. అంటే వాళ్ల అమ్మానాన్నలు కమిటీలో చోటు అడగొచ్చు. 2024 డిసెంబరు నుంచి ప్రభుత్వ బడుల్లో మెగా పేరెంట్ టీచర్ మీటింగులు నడుస్తున్నాయి; షామియానా కింద వేసే కుర్చీల్లో ఈ తల్లి ఎక్కడ కూర్చుంటుందన్నది చూడాల్సిన విషయం.

ఆ వాలంటీర్లకు న్యాయశాస్త్రం డిగ్రీ అవసరం లేదు. నా ఓటు పెద్దపిల్లల తల్లులకు. కొడుకుకు పద్దెనిమిది నిండేసరికి ఆ తల్లి సదరం, పింఛను, భవిత, బడి అన్నీ దాటి, 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ ముందు గార్డియన్‌షిప్ దరఖాస్తు దాకా చేరి ఉంటుంది. ఆ ట్రస్టు నిరామయ పథకం కింద లక్ష రూపాయల దాకా వచ్చే ఆరోగ్య బీమాలో దేనికి బిల్లు పెట్టాలో, ఏ జిరాక్సు మీద ఎవరి ముద్ర కావాలో ఆమెకు కంఠతా వచ్చు. ఆ విద్యకు ఇప్పుడు విలువ లేదు. కొడుకు పెద్దవాడయ్యాక ప్లాస్టిక్ కవరు బీరువా మీదికెక్కుతుంది. అదే వీధిలో ఇంకో ఇంట్లో, ‘పుట్టినప్పుడు ఏడవలేదు సార్’ అని మొదటిసారి చెప్పబోయే తల్లి కొత్త కవరు కొనుక్కుంటూ ఉంటుంది.